మన హక్కులు కోసే బిల్లు వస్తే ఏం చేయాలి: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకు

వినియోగదారుడి హక్కు తగ్గించే బిల్లు ఏదీ ఆ పేరు పెట్టుకుని రాదు. వ్యాపారం సులభం చేస్తున్నాం అంటుంది, కేసుల భారం తగ్గిస్తున్నాం అంటుంది, చిన్న తప్పులకి జైలెందుకు అంటుంది, వాటిలో కొన్ని సబబైన మాటలే కూడా. ఈలోపు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో "ఇకపై గీజర్ పేలినా కంపెనీ మీద కేసు వేయలేరట, అందరికీ పంపండి" అని పెడతారు, కింద వరసగా కోపం ఎమోజీలు, మధ్యాహ్నానికి నీళ్ల ట్యాంకర్ గొడవ మొదలై ఆ మెసేజ్ ఎక్కడికో పోతుంది. బిల్లు మాత్రం దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది.

దాన్ని ఆపాలన్నా, కనీసం అందులో ఒక లైను మార్పించాలన్నా మనలాంటి వాళ్లం చేయగలిగింది ఉంది. లా చదివి ఉండక్కర్లేదు, డబ్బూ పెద్దగా అక్కర్లేదు. క్లాజు నంబరు తెలియాలి, గడువు తేదీ తెలియాలి, మీ ఇంట్లో పాడైన వస్తువు తాలూకు కాగితాలు పారేయకుండా ఉండాలి. నినాదాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫలానా క్లాజులో ఫలానా మాట తీసేయండి అని అడిగేవాళ్లే తక్కువ, కాబట్టి అలా అడిగినవాళ్ల కాగితం కాస్త ఎక్కువసేపు టేబుల్ మీద ఉంటుంది.

ఇప్పుడు మన చేతిలో ఏముందో ముందు చూసుకోండి

ఉన్నదేంటో తెలియకపోతే పోతున్నదేంటో తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది, 1986 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. పాత చట్టంలో నష్టపరిహారం ఇప్పించే చోట "ఎదుటి పక్షం నిర్లక్ష్యం వల్ల" అనే మాట ఉండేది. అంటే మిక్సీ జార్ పగిలి చెయ్యి కోసుకుపోయిందనుకోండి, ఆ కంపెనీ నిర్లక్ష్యంగా ఉందని కూడా మీరే చూపించాలి, వాళ్ల ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో మనకెలా తెలుస్తుంది? కొత్త చట్టంలో ఆరో అధ్యాయం, 82 నుంచి 87 వరకు సెక్షన్లు, వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత అనే దాన్ని విడిగా పెట్టింది. 84వ సెక్షన్ చదవండి, ఒక్క పేజీ కూడా ఉండదు. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, వాళ్లు చెప్పుకున్న స్పెసిఫికేషన్‌కి తేడా, రాతపూర్వకంగానో మరోలాగో ఇచ్చిన వారంటీకి తగ్గట్టు లేకపోవడం, ఎలా వాడాలో ఎలా వాడకూడదో సరిగా చెప్పకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా తయారీదారు బాధ్యుడే. వారంటీ విషయంలో "నా నిర్లక్ష్యం లేదు, మోసం లేదు" అని అతను రుజువు చేసుకున్నా సరే బాధ్యత తప్పదని రెండో ఉపసెక్షన్ చెబుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటి. ఫ్రిజ్ చల్లబడకపోవడం వేరు, ఫ్రిజ్ వల్ల షాక్ కొట్టడం వేరు. మొదటిది మామూలు లోపం, బాగు చేయమనో మార్చమనో డబ్బు తిరిగివ్వమనో అడగొచ్చు. రెండోది ఆరో అధ్యాయం కిందికి వస్తుంది, ఎందుకంటే చట్టం చెప్పే "హాని"లో వస్తువుకి జరిగిన నష్టం లెక్కలోకి రాదు, మనిషికీ ఇతర ఆస్తికీ జరిగిందే వస్తుంది. బిల్లు వీటిలో దేన్ని ముట్టుకుంటోందో చూసుకోకుండా అరిస్తే ఎదుటివాడు "మీరు చట్టం చదవలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తాడు.

ఇంకొన్ని సౌకర్యాలు గుర్తుపెట్టుకోండి, మనలాంటి వలస వచ్చినవాళ్లకి ఇవే ముఖ్యం. మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, అమ్మినవాడు గుర్గావ్‌లో ఉన్నా సరే. వస్తువుకి మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. లోపం కంటికి కనిపించేది కాకపోతే ఈ కేసులు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపించగలదు.

కత్తెర ఎక్కడ పడుతుంది

మొత్తం పనిలో ఇదే అసలు భాగం, ఇక్కడ ఒక ఆదివారం కూర్చోండి. హక్కుని పూర్తిగా తీసేయడం రాజకీయంగా కష్టం, అందుకని దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న మాటల్ని మారుస్తారు. బిల్లు కాపీ ముందు పెట్టుకుని ఈ చోట్లు వెతకండి.

నిర్వచనాలు. "వినియోగదారుడు" అంటే ఎవరు అనే దగ్గర వ్యాపారం కోసం కొన్నవాళ్లని చట్టం ఇప్పటికే బయట పెట్టింది, కానీ సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే కొన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. మారతహళ్లిలో ఇడ్లీ బండి పెట్టుకున్న మన ప్రకాశం జిల్లా ఆయన కొనుక్కున్న గ్రైండర్, కె.ఆర్.పురంలో ఆటో నడుపుకునేవాడి ఆటో, ఈ మినహాయింపు వల్లే లోపలున్నాయి. ఆ ఒక్క వివరణ తీసేస్తే వాళ్లు మొత్తం బయటికి పోతారు, పైకి మాత్రం ఏ హక్కూ రద్దయినట్టు కనిపించదు. నిర్వచనాల్లో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడాలంటే ఈ చట్టం కోసమే 2018లో పెట్టిన బిల్లుని 2019 బిల్లు పక్కన పెట్టి చదవండి. 2018 దాంట్లో సేవల జాబితాలో ఆరోగ్య సంరక్షణ అనే మాట ఉంది, 2019 దాంట్లో లేదు. ఆ తర్వాత డాక్టర్ల సేవలు చట్టం కిందికి వస్తాయా రావా అని బొంబాయి హైకోర్టు దాకా, అక్కణ్నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. జాబితాలో మాట లేకపోయినా డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికే వస్తుందని తేలింది, 2022లో. మూడేళ్లు. వ్యవస్థీకృతంగా ఉన్నవాళ్లు క్లాజు చదివి అడుగుతారు, మనం హెడ్డింగ్ చదివి తిడతాం, తేడా అక్కడే ఉంది.

రుజువు భారం. "తెలిసి", "ఉద్దేశపూర్వకంగా", "నిర్లక్ష్యం నిరూపణ అయితే" లాంటి మాటలు 84వ సెక్షన్‌లోకి చేరితే మళ్లీ పాత రోజులే. అలాగే "బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు పాటించిన వస్తువు లోపరహితంగా భావించబడుతుంది" అన్న తరహా వాక్యం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రమాణాలు ప్రమాదం జరిగాక మారుతుంటాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు పోయారు, బ్యాటరీ పరీక్షల నియమాల్ని కఠినం చేసింది ఆ ఏడాది చివర్లో. అప్పటికున్న పరీక్ష పాసైనంత మాత్రాన లోపం లేనట్టే అని చట్టం అనేస్తే, ఆ కుటుంబాల్లాంటి వాళ్లు తర్వాత ఏ తలుపు తట్టాలి?

గడువు. ఇప్పుడు 69వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించొచ్చు. దీన్ని "కొన్న తేదీ నుంచి" అని మారిస్తే అంకె అదే ఉంటుంది, అర్థం మొత్తం పోతుంది. 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచిన ఏఎస్‌ఆర్ అనే రకం తుంటి ఇంప్లాంట్లు గుర్తున్నాయా? ఆపరేషన్ అయిన కొన్నేళ్లకి గానీ చాలామందికి నొప్పి, రక్తంలో లోహం బయటపడలేదు. కొన్న తేదీ నుంచి గడియారం తిప్పితే వాళ్ల గడువు నొప్పి మొదలవక ముందే అయిపోతుంది.

మరమ్మతు. 87వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది, వస్తువుని దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవాడి మీద ఈ దావా నిలవదు. న్యాయమే. కానీ ఆ "మార్పులు"లోకి "అధీకృత సర్వీస్ సెంటర్ కాని చోట చేయించిన మరమ్మతు" అని ఎవరైనా కలిపితే ఎస్‌పీ రోడ్డులో ల్యాప్‌టాప్ కీబోర్డు మార్పించుకున్న ప్రతివాడి హక్కూ గల్లంతు, బ్యాటరీ ఉబ్బినా సరే.

అమ్మినవాడి బాధ్యత. తయారీదారు ఎవరో తెలియకపోతే, లేదా అతనికి నోటీసే అందించలేకపోతే అమ్మినవాడే జవాబు చెప్పాలని 86వ సెక్షన్ అంటుంది. ఊరూ పేరూ లేని ఛార్జర్లు ఆన్‌లైన్‌లో కొనే కాలంలో ఇది బంగారం లాంటి వాక్యం, ఎవరైనా దీన్ని ముట్టుకుంటే వదలొద్దు. ఇదే విషయంలో కలపకుండా వదిలేసిన సంగతి కూడా ఒకటుంది: 2021 జూన్‌లో ఈ-కామర్స్ నియమాలకి ముసాయిదా సవరణలు పెట్టినప్పుడు, అమ్మకందారు చేతులెత్తేస్తే ఆ ఆన్‌లైన్ వేదికే బాధ్యత వహించాలన్న ప్రతిపాదన అందులో ఉంది. వ్యతిరేకించడం అంటే చెడ్డ క్లాజుని కొట్టించడమే కాదు, ఇలా ముసాయిదాలోనే ఆగిపోయిన మంచి క్లాజు గురించి మళ్లీ మళ్లీ అడగడం కూడా.

పరిహారానికి గరిష్ఠ పరిమితి, తప్పనిసరి ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు), ఒకే సమస్య ఉన్నవాళ్లందరి తరఫున కొందరు వేసే ఉమ్మడి ఫిర్యాదుకి అడ్డాలు, ఇవి చూడగానే అర్థమవుతాయి, ఎక్కువ చెప్పను. ఆర్బిట్రేషన్ క్లాజు ఒప్పందంలో ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి దాన్ని తిప్పాలంటే చట్టం మార్చాల్సిందే, అందుకే ఆ మాట ఏ బిల్లులోనైనా కనిపిస్తే చెవులు నిక్కబొడుచుకోవాలి.

చివరిది, వేరే చట్టం గుండా వచ్చే కోత. 2023 జన్ విశ్వాస్ చట్టం 42 చట్టాల్లో 183 నిబంధనల్ని ఒకేసారి మార్చింది. అందులో మందుల చట్టం కూడా ఉంది: నాణ్యతా ప్రమాణం అందుకోని మందులకి వర్తించే 27(డి) కింది నేరాన్ని కోర్టు బయట రుసుము కట్టి పరిష్కరించుకునే జాబితాలో చేర్చారు. నకిలీ, కల్తీ మందులకి ఇది వర్తించదని ప్రభుత్వం చెప్పింది, అది నిజమే, ఆ మాట మనం దాచకూడదు. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది, పనిచేయని జ్వరం మందు వేసుకున్న పిల్లవాడికి అది కల్తీయా, నాణ్యత తక్కువా అనే తేడా తెలియదు. ఇదే పేరుతో 2025 ఆగస్టులో ఇంకో బిల్లు లోక్‌సభకి వచ్చి సెలెక్ట్ కమిటీకి (ఆ ఒక్క బిల్లు కోసం వేసే ఎంపీల కమిటీ) వెళ్లింది, తూనికలు కొలతల చట్టం కూడా ఆ జాబితాలో ఉండింది, ఆ కమిటీకి అప్పుడు అధ్యక్షుడిగా పెట్టింది మన బెంగళూరు సౌత్ ఎంపీనే. పేరులో వినియోగదారుడు అనే మాటే లేని బిల్లుల్ని కూడా చూడాలని చెప్పడానికే ఇదంతా.

బిల్లు ఏ మెట్టు మీద ఉంది

ముసాయిదా దశలో ఉంటే మీ అదృష్టం. 2014 నుంచి కేంద్రంలో ఒక విధానం ఉంది, కొత్త చట్టాల ముసాయిదాని కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలని. అది చట్టం కాదు, విధానమే, చాలాసార్లు పాటించరు. అయినా పాటించనప్పుడు "30 రోజులు ఎందుకివ్వలేదు" అని అడగడానికి ఒక ఆధారం. శాఖ వెబ్‌సైట్‌లో నోటీసు పెడతారు, చివరి తేదీ, ఈమెయిల్ అందులోనే ఉంటాయి.

పార్లమెంటులో పెట్టేశాక బిల్లు పూర్తి పాఠం సంసద్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. బిల్లుల్ని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ సరళమైన సారాంశం పెడుతుంది, అది చదివి ఊరుకోకండి, దాన్ని పట్టుకుని అసలు బిల్లులోకి వెళ్లండి. బిల్లు చివర్లో ఉండే "ఉద్దేశాలు, కారణాల ప్రకటన" ముందు చదవండి, అక్కడ చెప్పని మార్పు ఏదైనా క్లాజుల్లో ఉందంటే అదే మీ మొదటి పాయింటు. "నియమాల ద్వారా నిర్దేశించిన విధంగా" అని ఎక్కడెక్కడ ఉందో పెన్సిల్‌తో గీసుకోండి, అక్కడ అసలు సంగతి తర్వాత నియమాల్లో వస్తుంది. బిల్లులో ఉన్నప్పుడు దాన్ని క్లాజు అంటారు, చట్టమయ్యాక సెక్షన్ అవుతుంది, రెండూ కలిపి రాస్తే చదివేవాడికి తలనొప్పి.

బిల్లు కమిటీకి వెళ్తే అది సామాన్యుడికి దొరికే అన్నిటికన్నా మంచి అవకాశం. శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. వాళ్లు పత్రికల్లో ప్రకటన ఇచ్చి మెమొరాండాలు (రాతపూర్వక అభిప్రాయాలు) పిలుస్తారు, గడువు మామూలుగా చాలా తక్కువ, రెండు వారాలంటే ఎక్కువే అనుకోండి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ పంపాలి. కమిటీ ముందుకొచ్చి మాట్లాడాలని ఉంటే ఆ సంగతి అందులోనే రాయాలి. ఇంకోటి, కమిటీకి పంపిన మెమొరాండం కమిటీ రికార్డు అవుతుంది, దాన్ని గోప్యంగా ఉంచాలి, కాబట్టి అదే కాగితాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. బయట రాయాలనుకుంటే విడిగా రాసుకోండి.

కమిటీకి పోవడం వల్ల ఏమవుతుంది అనుకుంటే, ఈ వినియోగదారుల చట్టాన్నే చూడండి. 2015లో బిల్లు పెట్టారు, స్టాండింగ్ కమిటీ 2016లో నివేదిక ఇచ్చింది, ఆ బిల్లుని వెనక్కి తీసుకుని 2018లో కొత్తది తెచ్చారు, అది లోక్‌సభ దాటాక సభ రద్దయి మురిగిపోయింది, 2019లో మళ్లీ తెచ్చి పాస్ చేశారు. నాలుగేళ్లలో వేలు పెట్టడానికి ఎన్ని సందులున్నాయో లెక్కేసుకోండి. అన్ని బిల్లులూ కమిటీకి వెళ్లవు, కొన్ని పెట్టిన వారంలోనే పాసైపోతాయి, అందుకే "కమిటీకి పంపండి" అన్నదే ఒక్కోసారి మన మొదటి డిమాండ్ కావాలి.

ఏం రాయాలి

రెండు పేజీలు దాటొద్దు. మొదటి పేరాలో మీరెవరు, ఏ క్లాజు, ఏం కోరుతున్నారు. తర్వాత ఇప్పుడున్న సెక్షన్ ఏం చెబుతోంది, ఈ క్లాజు వస్తే ఏం మారుతుంది. తర్వాత ఒక నిజమైన ఉదాహరణ. చివర్లో మీరు కోరే పాఠం, అంటే ఏ మాట తీసేయాలి, దాని బదులు ఏం పెట్టాలి. ఈ చివరి భాగం లేకపోతే అది కేవలం బాధ. కమిటీ సిబ్బంది క్లాజులవారీగా పట్టిక వేసుకుంటారు, మీ కాగితం ఆ పట్టికలో ఒక గడిలోకి నేరుగా వెళ్లగలగాలి.

ఊరికే ఒక నమూనా, ఇలాంటి బిల్లు నిజంగా ఉందని కాదు. మన ఊరి ఎంపీకి తెలుగులోనే రాసేదిలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన ఎంపీ గారికి, నమస్కారం. నేను మీ నియోజకవర్గంలో ఓటరుని, ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. ఫలానా సవరణ బిల్లులోని 12వ క్లాజు, వస్తువు వల్ల గాయపడినవాళ్లు కేసు వేసే గడువుని హాని జరిగిన రోజు నుంచి కాకుండా కొన్న రోజు నుంచి లెక్కపెట్టాలంటోంది. మా ఇంట్లో గీజర్ కొన్న మూడో ఏడు థర్మోస్టాట్ పనిచేయక మా అమ్మగారికి చేతులు కాలాయి, సర్వీస్ జాబ్ కార్డు, ఆసుపత్రి కాగితం జత చేశాను. ఈ క్లాజు ఉండి ఉంటే మేము ఫిర్యాదే చేయలేకపోయేవాళ్లం. 12వ క్లాజులో 'కొన్న తేదీ' అన్న మాటల బదులు 'హాని తెలిసిన తేదీ' అని సవరణ ప్రతిపాదించమని, కనీసం బిల్లుని స్టాండింగ్ కమిటీకి పంపమని సభలో అడగాలని కోరుతున్నాను."

ఇంతే. తిట్లు లేవు, మా పార్టీ మీ పార్టీ లేదు. ఉదాహరణలో కంపెనీ పేరు రాయాలా అంటే, కాగితాలు గట్టిగా ఉంటే కమిటీకి పంపేదాంట్లో రాయొచ్చు, బహిరంగంగా పెట్టేదాంట్లో మాత్రం రుజువు చేయగలిగినంతే రాయండి. "దొంగ కంపెనీ" అన్న ఒక్క మాటతో పరువు నష్టం నోటీసు రావచ్చు, అప్పుడు బిల్లు సంగతి పక్కకి పోయి మీ సంగతి మొదలవుతుంది.

ఉదాహరణలు ఎక్కణ్నుంచి వస్తాయంటే, మీ బిల్డింగ్ నుంచే. రసీదు, వారంటీ కార్డు, జాబ్ కార్డు, ఫోటోలు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఇచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబరు. మా వైపు నెల్లూరు ఆంటీ ఒకావిడ ఇరవై ఏళ్ల నాటి టీవీ రసీదు కూడా బట్టల బీరువాలో దాచిపెట్టి ఉంచుతారు, అందరూ నవ్వేవాళ్లు, ఇప్పుడు బిల్డింగ్‌లో ఏ ఫిర్యాదుకైనా ఆవిడే సలహాదారు. పాడైన వస్తువుని తక్కువ ధరకి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, అదే మీ సాక్ష్యం.

ఎవరికి పంపాలి, ఇక్కడే మనకో లాభం ఉంది

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది ఓటు ఇంకా అనంతపురంలోనో కర్నూలులోనో ఖమ్మంలోనో ఉంటుంది. దాన్ని లోపంగా చూడకండి, మీకు ఇద్దరు ఎంపీలు. ఓటున్న చోట "మీ ఓటరుని" అని రాయండి, ఉంటున్న చోట "మీ నియోజకవర్గంలో నివాసిని" అని రాయండి, అబద్ధం ఏమీ లేదు. ఇక్కడ మీ ఎంపీ ఎవరో చాలామందికి తెలియదు: వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉంటే మహదేవపుర అసెంబ్లీ, అంటే బెంగళూరు సెంట్రల్. కె.ఆర్.పురం బెంగళూరు నార్త్. బీటీఎం లేఅవుట్ బెంగళూరు సౌత్. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లది బెంగళూరు రూరల్. వీళ్లు కాక రాజ్యసభలో కర్ణాటకకి 12 మంది, ఆంధ్రప్రదేశ్‌కి 11 మంది, తెలంగాణకి 7గురు. ముందు ఆ బిల్లు చూస్తున్న కమిటీలో మన రాష్ట్రాలవాళ్లెవరున్నారో చూసి వాళ్లకే మొదట పంపండి. వందమందికి ఒకే ఈమెయిల్ కొట్టడం కన్నా కమిటీలో ఉన్న ఒక్కరికి చేతిలో కాగితం పెట్టడం మేలు.

సంక్రాంతికి ఊరెళ్తాం కదా, బడ్జెట్ సమావేశాలు సాధారణంగా జనవరి నెలాఖరులో మొదలవుతాయి. పండగ రోజుల్లో ఎంపీ కూడా ఊళ్లోనే ఉంటాడు, కనుమ మర్నాడు ఆయన ఆఫీసులో మామూలుగా కన్నా తీరిక దొరుకుతుంది. పీఏ నంబరు తీసుకోండి, ఎంపీ కన్నా పీఏనే ఎక్కువ పని చేసిపెడతాడు. అడగాల్సింది ఒక్కటే స్పష్టంగా అడగండి: సవరణకి నోటీసు ఇస్తారా, లేదా శాఖకి ప్రశ్న వేస్తారా. ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి సమావేశాల మధ్యలో పరిగెత్తి లాభం లేదు.

లోక్‌సభకి పిటిషన్ అనే దారి కూడా ఉంది, దానికి ఒక సభ్యుడి సంతకం కావాలి, తెలుగులో ఇస్తే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జత చేయాలి. నా ఉద్దేశంలో ఇది ఆఖరున.

ఇక్కడ తోడు కావాలంటే నాగరభావిలో ఉన్న నేషనల్ లా స్కూల్లో వినియోగదారుల చట్టం మీద ప్రత్యేకంగా ఒక చైర్ (అధ్యయన పీఠం) ఉంది, సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే భవనంలో రాష్ట్ర న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉంది. కన్నడ పొరుగువాళ్లని కలుపుకోండి, ఇది ఒక్క తెలుగువాళ్ల సమస్యేం కాదు, వాళ్ల సంతకం ఉంటే ఇక్కడి ఎంపీ ఆఫీసులో కాగితం కదులుతుంది, ఆ ఉత్తరం కన్నడలో ఉంటే ఇంకా మంచిది.

ధర్నా చేద్దామా అని ఎప్పుడూ ఒకరు అడుగుతారు. బెంగళూరులో ధర్నాలకి ఫ్రీడమ్ పార్క్ ఒక్కటే చోటు, పోలీసుల అనుమతి తీసుకోవాలి. పదిహేను మందితో వెళ్లి బ్యానర్ పట్టుకుంటే ఫోటో వస్తుంది. రాతపని పూర్తయ్యాక, పత్రికలవాళ్లకి ఇవ్వడానికి రెండు పేజీల కాగితం సిద్ధంగా ఉన్నాక చేయండి, ముందు కాదు.

పాసైపోతే

చట్టం పాసైనా అమలు నోటిఫికేషన్ రావాలి, నియమాలు రావాలి. అసలు కోత అక్కడ కూడా పడొచ్చు. 2019 చట్టం జిల్లా కమిషన్‌కి కోటి రూపాయల దాకా అధికారం ఇచ్చింది, 2021 డిసెంబరు 30న వచ్చిన నియమాలతో అది 50 లక్షలకి తగ్గింది, రాష్ట్ర కమిషన్‌ది 10 కోట్ల నుంచి 2 కోట్లకి. పార్లమెంటులో చర్చ లేదు, చాలామందికి వార్త కూడా తెలియదు. అంత ఖరీదైన వస్తువు మనం కొనం, అయినా ఫ్లాట్ కొన్నవాళ్లు ఢిల్లీ దాకా వెళ్లాల్సి రావడం చిన్న విషయం కాదు.

ముసాయిదా నియమాలకీ అభ్యంతరాలు పంపొచ్చు, పైన చెప్పిన పద్ధతే. నియమాల్ని పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి, ఆ లోపు ఏ సభ్యుడైనా మార్చమనో రద్దు చేయమనో తీర్మానం తేవొచ్చు, రెండు సభల్లోనూ ఇలాంటి నియమాల్ని పరిశీలించే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు ఉన్నాయి, వాళ్లకి రాయండి. శాఖకి ఆర్టీఐ వేయండి, ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. "మీ అభిప్రాయం ఏమిటి" అని అడిగితే జవాబు రాదు, "ఫలానా ముసాయిదా మీద వచ్చిన అభిప్రాయాల కాపీలు, వాటి మీద తయారైన పట్టిక, ఫలానా క్లాజు మార్చడానికి కారణం రాసిన ఫైలు నోటింగులు ఇవ్వండి" అని అడగండి. ఇవి క్యాబినెట్ పత్రాలు అని చెప్పి తిప్పి పంపొచ్చు, అప్పీలు చేసుకోవాలి. కంపెనీల సంఘాలు ఏం అడిగాయో ఆ కాపీల్లో కనిపిస్తుంది, తర్వాతి సవరణలో ఏ క్లాజు వస్తుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

ఈలోపు ఉన్న చట్టాన్ని వాడుతూ ఉండండి. 2022లో బీఐఎస్ గుర్తు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మిన ఆన్‌లైన్ వేదికల్ని, కొన్నవాళ్లందరికీ తెలియజేసి డబ్బు తిరిగివ్వమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించింది, అది 2019 చట్టం ఇచ్చిన అధికారంతోనే. ఫిర్యాదులు లేని సెక్షన్‌ని "ఎవరూ వాడట్లేదు" అని తీసేయడం తేలిక. మీ ఇంట్లో ఇప్పుడు పాడైన వస్తువు ఏదైనా ఉంటే, రసీదు వెతికి, ముందు 1915కి ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకోండి, అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్లకి ఆన్‌లైన్‌లో కేసు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, రెండేళ్ల గడువు దాటకుండా.